ఇటలీ కథ చెప్పిన మా నాన్న

మా చిన్నప్పుడు... కెనడాలోని రెజైనాలో మంచుగాలి బేస్‌మెంట్ కిటికీని ఈడ్చి కొడుతుంటే, నాన్న ఇటలీ కథ చెప్పారు.

ఆయన యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. ముక్కలుగా ఉన్న ఇటలీ ఒక్క దేశం కావాలని కలగన్న మనిషి, బతుకంతా పరాయి దేశాల్లో తలదాచుకున్నాడట. ఆ దేశం ఏర్పడ్డాక కూడా అందులోనే మారుపేరుతో కన్నుమూశాడట... ఆ కలని నిజం చేసిందేమో బేరాలు తెలిసిన ఒక మంత్రి. ఫ్రాన్సు సాయం కోసం, తమ తరఫున కత్తి పట్టిన సేనాని పుట్టిన ఊరినే ఫ్రాన్సుకి ఇచ్చేశాడట.

రమణ అంకుల్ కూడా వింటున్నారు. ఆయన నాన్నకి ప్రాణస్నేహితులు. అప్పట్లో మా ఊళ్ళో ఉన్న గుప్పెడు తెలుగువాళ్ళకే రెండు సంఘాలు... వాటిని కలపాలని నాన్న పంతం. తప్పు కనిపిస్తే ఎవరినైనా నలుగురిలోనే మందలించేవారు. ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పేది మాత్రం అంకులే.

అంకుల్ కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఆ ఊరు ఇవ్వకపోతే దేశమే వచ్చేది కాదు కదా, మాస్టారూ."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముఖం పాలిపోయింది... ఎందుకో అర్థం కాకపోయినా నాకు భయమేసింది.

ఆ తర్వాత అంకుల్ మా ఇంటికి రావడం తగ్గించారు. అమ్మ అడిగితే, మీటింగులతో బిజీగా ఉన్నాడనేవారు నాన్న.

ఉగాదికి సంఘాలు ఒకటయ్యాయి. స్కూల్ హాలంతా పులిహోర వాసన. అంకుల్ మైకులో కొత్త కమిటీ పేర్లు చెబుతుంటే నాన్న చెయ్యి పట్టుకుని ఎదురుచూశాను... ఆయన పేరు రానే లేదు. తమని మందలించిన మనిషికి ఏ పదవీ ఇవ్వకూడదన్నది అవతలి సంఘంవాళ్ళ షరతట. ఆ సంగతి తర్వాత అమ్మ చెప్పింది.

నాన్న అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

అంకుల్ కారు దాకా వచ్చి, "వేరే దారి లేకపోయింది మాస్టారూ" అన్నారు.

"తెలుసు. కలిశారు కదా, చాలు."

అన్నారే గానీ, కారు తాళం తీయడానికి నాన్న చాలాసేపు తడుముకున్నారు. మళ్ళీ ఆ హాల్లో అడుగుపెట్టలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గుంటూరు పిల్లలూ వరంగల్ పిల్లలూ అక్కడ ఒకే బంతిలో కూర్చుని తిన్నారు. అంకులూ పోయారు, నాన్నా పోయారు... ఈ ఏడాది నా ఫోన్‌కి రెండు ఉగాది ఆహ్వానాలు వచ్చాయి. రెండూ ఒకే రోజుకి.

మీ ఊళ్ళో నలుగురినీ కలిపి, తాము బయటే మిగిలిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఉంటే వాళ్ళ పేర్లు కింద రాయండి. ఒక్కసారైనా చదువుకుందాం.