ఇద్దరు గుంటలూ ఒక్కరే అన్న డాష్‌బోర్డు

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మీటింగులో లేచి నిలబడితే "తర్వాత చూద్దాం మాస్టారూ" అన్నారు. ఆ తర్వాత రాలేదు. నేనూ మరిచిపోలేదు.

అరకు పైన కొండల్లో ఒక్క టీచరే ఉన్న బడి నాది. అక్కడ పిల్ల ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. ఊరంతటికీ ఒకే ఇంటిపేరు. అలా అయిదో తరగతిలో ఇద్దరు ఆడపిల్లలకు ఒకటే పేరు, తండ్రుల పేర్లూ ఒకటే. మాకేం ఇబ్బంది లేదు. మా వైపు వాగును గెడ్డ అంటాం, ఆడపిల్లను గుంట అంటాం. గెడ్డ పక్కన ఇల్లున్నది గెడ్డ గుంట, మెట్ట మీద ఇల్లున్నది మెట్ట గుంట.

చదువులో వెనకబడ్డ పిల్లలను ఎర్రగా చూపించి సాయం చేస్తుందని డాష్‌బోర్డు తెచ్చారు. నేనూ సంబరపడ్డాను. సిగ్నల్ కోసం కొండెక్కి మరీ మార్కులు పంపాను. ఒకనాడు చూస్తే మెట్ట గుంట లేదు. ఆ పిల్లకు ఆధార్ ఇంకా రాలేదు. ఒకే పిల్లను రెండుసార్లు ఎక్కించాననుకుని మండలం ఆఫీసువాళ్లు ఒక పేరు తీసేశారు. ఇద్దరి మార్కుల్లో మంచివి ఏరి మిగిలిన పేరుకు కలిపారు.

మండలం మీటింగులో తెర మీద మా బడి పచ్చగా కనిపించింది. చప్పట్లు కొట్టారు.

"డూప్లికేట్ పోయింది, ఇంకేటి మాస్టారూ?" అన్నాడు ఆఫీసు కంప్యూటర్ ఆపరేటరు.

"అది డూప్లికేట్ కాదయ్యా, పిల్ల. తెచ్చి నీ ముందు కూర్చోబెడతాను."

"తెచ్చినా ఏటి సేత్తాం? సిస్టం తీసుకోదు."

పక్కనున్న టీచరు అందుకున్నాడు. "మీ ఊరికి ఎనిమిదో వారం కనిపెట్టండి మాస్టారూ!" హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పగలను.

ఆరో తరగతి హాస్టల్ సీట్లు ఆ డాష్‌బోర్డు చూసే ఇచ్చారు. గెడ్డ గుంటకు వచ్చింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. కానీ అందులో మంచి మార్కులన్నీ మెట్ట గుంటవే. మా బడి అయిదుతో ఆఖరు. సీటు లేకపోతే మెట్ట గుంట చదువూ ఆఖరే.

నిన్న వాళ్లమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ నన్ను ఆపింది.

"మాస్టారూ, మా గుంటకి హాస్టల్ పెట్టె కొనీమంటారా?"

"ఇంకా అడుగుతున్నానమ్మా."

"బేగి అడగండి. గెడ్డోళ్లు కొనీసినారు."

అందుకే మళ్లీ అడుగుతున్నాను. తర్వాత చూద్దామన్న పెద్దలారా, హాస్టల్ తెరిచేలోపు ఆ పిల్లకు సీటుందో లేదో మీలో ఒక్కరు నాకు చెప్పాలి. లేదంటే మా ఊరొచ్చి, ఆ వాకిట్లో నిలబడి, వాళ్లమ్మకే చెప్పండి. ఎవరొస్తారు?