ముంచింగిపుట్టు సర్వర్ మూగబోయిన రోజు

అరకులో కుర్చీలో కూర్చుని, కొండలకవతల ముంచింగిపుట్టులో వందల మంది రైతులను ఒక్క వేలితో వానలో నిలబెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ వేలు నాదే. కుడిచేతి చూపుడు వేలు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది గానీ, దాని మీద నాకు పూర్తి నమ్మకం లేదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. విశాఖపట్నంలో ఆరు నెలలు నెట్‌వర్కింగ్ కోర్సు చదివి వచ్చి, అరకులో ఒక కాఫీ రైతుల సంఘం ఆఫీసులో చేరాను. మిషన్ బడిలో టీచరైన మా నాన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి, "మా ఎస్తేరు కంప్యూటర్లకి డాక్టరు" అని కనిపించిన ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. నేను తల వంచుకుని సిగ్గుపడేదాన్నే తప్ప, కాదని మాత్రం అనేదాన్ని కాదు.

మా సంఘానికి ముంచింగిపుట్టులో ఒక బ్రాంచి ఉండేది. రైతుల పేర్లు, ఊళ్లు, ఎవరికెన్ని మొక్కలివ్వాలి అన్న వివరాలన్నీ అక్కడి సర్వర్‌లో ఉండేవి. సర్వర్ అంటే కంగారుపడకండి. మిగతా కంప్యూటర్లు అడిగిందల్లా తీసిచ్చే పెద్ద కంప్యూటర్, అంతే. రెండు ఆఫీసుల పైకప్పుల మీదా డిష్‌లు పెట్టించారు. నేను అరకులో పాస్‌వర్డ్ కొడితే ఆ సర్వర్ తెర నా తెర మీద ప్రత్యక్షమయ్యేది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదిలేది. దీన్ని రిమోట్ లాగిన్ అంటారు. ఈ విద్య చేతికొచ్చిన వారానికే నా కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి.

"సార్, ఆ సర్వర్‌కి మానిటర్, కీబోర్డు, మౌస్ దండగ. అన్నీ నేనిక్కడి నుంచే చేసేస్తాను" అన్నాను మా మేనేజరు సన్యాసిరావు గారితో.

ఆయనది విజయనగరం వైపు. అప్పుడే ఆయన బల్ల మీది మానిటర్ పాడై ఉంది. "నిజవేనా? అయితే బేగి తెప్పించీ" అన్నారు. అలా ముంచింగిపుట్టు సర్వర్ కళ్లూ చేతులూ ఊడదీయించి సార్ బల్ల మీద పెట్టించాను.

వానాకాలం మొదలైంది. సంత రోజున ముంచింగిపుట్టులో కాఫీ మొక్కల పంపిణీ పెట్టారు. లారీ నిండా మొక్కలు దిగాయి. అక్కడి గుమాస్తా చెల్లెలి పెళ్లికని సెలవులో ఉన్నాడు. పరవాలేదు, నేనున్నానుగా! పదింటికి ఇక్కడి నుంచి మీట నొక్కితే అక్కడి ప్రింటర్‌లో జాబితా వస్తుంది, దాన్ని చూసి పంచండి అని అక్కడివాళ్లకి ఫోన్‌లో చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు కలెక్టరు గొంతులా ఉందట. తర్వాత చాలామంది గుర్తు చేశారు.

తొమ్మిదిన్నరకు నెట్‌వర్క్ నత్తలా నడుస్తోంది. నా కంప్యూటర్‌లోని నెట్‌వర్క్ కార్డును ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సర్దుకుంటుందనుకున్నాను. నెట్‌వర్క్ కార్డంటే కంప్యూటర్‌కి చెవీ నోరూ అనుకోండి. బయటి మాట వినాలన్నా, జవాబు చెప్పాలన్నా దానితోనే. తెర మీద రెండు విండోలున్నాయి. ఒకటి నా కంప్యూటర్‌ది, రెండోది సర్వర్‌ది. రెండూ ఒకే ఇంటి కవల పిల్లల్లా ఉన్నాయి. ధీమాగా 'డిజేబుల్' నొక్కాను.

తెర బిగుసుకుపోయింది.

సరే, 'ఎనేబుల్' నొక్కుదామని మౌస్ కదిపాను. బాణం కదల్లేదు. కిందికి చూశాను. నా కంప్యూటర్ వెనక పచ్చ దీపాలు హాయిగా మిణుకుమిణుకుమంటున్నాయి. నా కార్డు నిక్షేపంగా ఉంది! మరి నేను ఆపింది ఎవరిది?

కొండలకవతలున్న సర్వర్‌కి నేను చెవీ నోరూ మూసేశాను. తెరవమని చెబుదామంటే, దానికి వినబడదు!

పింగ్ చేశాను. పింగ్ అంటే "ఉన్నావా?" అని కేకెయ్యడం. నాలుగు సార్లు కేకేశాను. నాలుగు సార్లూ జవాబు లేదు. ఐదోసారి నా నోటితోనే "ఉన్నావా?" అన్నాను. పక్క సీటు ఆవిడ "ఉన్నానమ్మా" అంది.

ముంచింగిపుట్టుకి ఫోన్ చేశాను. వాచ్‌మన్ సోమన్న ఎత్తాడు.

"అలో! ఎవులు?"

"సోమన్న తాతా, నేను ఎస్తేరుని. సర్వర్ డౌన్ అయిపోయింది!"

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల టపటప. తలుపు కిర్రుమంది. మళ్లీ టపటప.

"నేదమ్మా. డౌను అవనేదు. బల్ల మీదే కూకోనుంది. నా కళ్లారా సూసినాను."

"పడిపోవడం కాదు తాతా, పలకడం లేదు!"

"అదెప్పుడు పలికిందమ్మా? నానొచ్చిన కాడ్నించీ గుర్రుమనడవే గానీ ఒక్క మాటాడనేదు."

నాకు ఏడుపొస్తోంది. ఏడుపొచ్చినప్పుడు నాకు చదువు కూడా పొంగుకొస్తుంది. "కార్డు ఆగిపోయింది తాతా, ఇంక అన్ని పోర్టులూ మూసుకుపోయినట్టే!" అన్నాను. పోర్టంటే కంప్యూటర్‌లోకి సమాచారం వచ్చిపోయే గుమ్మం. ఆ సంగతి నాకు తెలుసు. సోమన్నకి తెలిసిన పోర్టు వేరు.

"ఓలమ్మో! పోర్టు మూసేసినారా? మా అల్లుడు ఇశాపట్నం పోర్టులోనే పన్సేత్తన్నాడు కదా!"

"ఆ పోర్టు కాదు తాతా!"

అప్పటికే ఆయన బయటికి చూసి ఎవరికో కేకేశాడు. బయట సంత. ఆ పై సంగతి మీరే ఊహించుకోండి.

ఎలాగో బతిమాలి మీట నొక్కించి సర్వర్‌ను ఆపించి, మళ్లీ వేయించాను. పింగ్ చేశాను. మౌనం. చేత్తో ఆపిన కార్డు, మళ్లీ చేత్తో వేసేదాకా లేవదు. ఎన్నిసార్లు ఆపి వేసినా అంతే. కోర్సులో ఆ పాఠం చెప్పిన రోజున నేను బీచిలో మొక్కజొన్న పొత్తు తింటున్నాను.

సన్యాసిరావు గారి గదిలోకి వెళ్లాను.

"ఏటమ్మా, మొహం అలాగైపోనాది?"

"సార్, మీ మానిటర్ కావాలి."

"నా మానిటరా? ఏటికి?"

"ముంచింగిపుట్టు తీసుకెళ్లాలి. కీబోర్డు, మౌస్ కూడా."

ఆయన నన్నూ మానిటర్‌నూ మార్చి మార్చి చూశారు. "దండగన్నావు కదమ్మా?"

నేను నేల చూశాను. ఆయన "బేగెల్లు. అక్కడ జనం సూత్తంటారు" అన్నారు.

ఆ కాలపు మానిటర్లు మీకు గుర్తున్నాయా? వెనక పెద్ద గూని, బియ్యం బస్తా బరువు. దాన్ని ఒళ్లో పెట్టుకుని సర్వీసు జీపెక్కాను. ఒక పక్క కోళ్ల గంప, ఇంకోపక్క పనసకాయలు. ప్రతి మలుపులోనూ మానిటర్ నా గడ్డాన్ని పొడిచింది. "టీవీయా అమ్మా? ఎన్ని రంగులొత్తాయి?" అని అడగని మనిషి లేడు. పెదబయలు దాటాక ఎదురొచ్చిన జీపు ఆగింది. అందులోని డ్రైవరు మా డ్రైవరుతో, "ఇన్నావా? ఇశాపట్నంల పోర్టు మూసేసినారంట!" అన్నాడు.

"ఎవులు సెప్పినారు?"

"అరకు కాఫీ ఆపీసు నుంచి పోనొచ్చిందంట. ఎవులో సదువుకున్న గుంటే సెప్పిందంట. అబద్దవెందుకౌతాది?"

నేను మానిటర్ వెనక్కి ఒదిగి కూర్చున్నాను. దాని గూని ఆ ఒక్కసారే పనికొచ్చింది.

మధ్యాహ్నానికి ముంచింగిపుట్టు చేరాను. వాన. గొడుగులు, తల మీంచి వీపు దాకా కప్పే ఆకు గిడుగులు, నెత్తిన కప్పుకున్న గోనెలు. జాబితా లేనిదే ఒక్క మొక్క కూడా ఇవ్వనని లారీతో వచ్చిన సూపర్‌వైజరు భీష్మించుకున్నాడట. మానిటర్ మోస్తూ నడుస్తుంటే జనం దారిచ్చారు. ఒడిశా సరిహద్దు దగ్గరి పల్లె నుంచి తెల్లారకముందే బయలుదేరి నడిచొచ్చిన సుక్రి అనే ముసలమ్మ నా ఎదుట నిలబడింది. చీర కుచ్చిళ్లు బురదలో తడిసి ఉన్నాయి.

"ఏటమ్మా, మా పేర్లన్నీ ఆ డబ్బాలో ఉండిపోనాయంట కదా. రానంతన్నాయా?"

"వస్తాయమ్మా, ఇప్పుడే తీస్తాను."

"మా పేర్లు మాకు తెలుసు. మమ్మల్నడిగితే సెప్పమా?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే అడిగింది. పొద్దుటి నుంచి భయపడుతున్నదాన్ని, అప్పుడు మాత్రం సిగ్గుపడ్డాను.

మానిటర్ తగిలించి, 'ఎనేబుల్' నొక్కాను. అంతే. రెండున్నర గంటల జీపు ప్రయాణం, అర సెకను పని. ప్రింటర్ కిచకిచమంది. సోమన్న పేర్లు పిలిచాడు, గంపలు నిండాయి. సుక్రి గంప నెత్తికెత్తుకుని, "ఈ పాలి కాయితమ్మీద కూడా రాసి ఉంచమ్మా" అని వానలో వెళ్లిపోయింది. సాయంత్రానికి లారీ ఖాళీ అయింది. నేను బతికిపోయాను.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండేది!

సార్ రిపోర్టు పంపాలన్నారని మానిటర్, కీబోర్డు, మౌస్ మళ్లీ ఒళ్లో పెట్టుకుని అరకు తెచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన గదిలో ఆఫీసంతా చేరింది.

"అయిందేదో అయింది. అసలేటి నొక్కినావో ఓపాలి సూపించమ్మా. మేవూ జాగర్తగా ఉంటాం" అన్నారు సార్.

అందరూ నా చుట్టూ మూగారు. నాలోని టీచరు కూతురు నిద్ర లేచింది. ముంచింగిపుట్టు సర్వర్‌లోకి లాగిన్ అయ్యాను.

"ఇది మన విండో సార్. ఇది సర్వర్ విండో. రెండూ ఒకేలా ఉన్నాయి కదా? నేను ఇక్కడికొచ్చి, కుడి బటన్ నొక్కి, ఇదిగో, ఈ 'డిజేబుల్'ని ఇలా..."

టిక్.

తెర బిగుసుకుపోయింది. గదీ బిగుసుకుపోయింది.

"ఇప్పుడేటైనాది?" అన్నారు సార్, చాలా మెల్లగా.

"నిన్న ఏమైందో అదే సార్."

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల వెనక్కి వంగి, తన మానిటర్ వైరు తానే ఊడదీయడం మొదలుపెట్టారు.

ఆనాడు కోళ్ల గంప పక్కన రెండోసారి కూర్చుంటూ, మానిటర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకపై ఏ తప్పు చేసినా నిజాయితీగా ఒప్పుకుంటాను. ఎలా చేశావంటే పూసగుచ్చినట్టు చెబుతాను. కానీ నోటితోనే చెబుతాను. చెప్పేటప్పుడు నా రెండు చేతులూ వీపు వెనకే కట్టుకుని ఉంటాను.