మిర్చి నెల జీతం

ఆ గడిలో ఏం రాయాలో మా ఆయన నన్నొక్క మాట అడిగి ఉంటే ఈ గోలంతా ఉండేది కాదు. అడగలేదు. బిడ్డకు డెంగీ వచ్చి హన్మకొండలో ప్రైవేటు దవాఖానలో ఉన్నాం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టరు, ముందు డబ్బు కట్టి రమ్మని కౌంటరు. ఆయన వరండాలో నిలబడి ఫోన్లో ఒక లోన్ యాప్ ఎక్కించుకున్నాడు. బ్యాంకు మెసేజ్‌లు చదువుకుంటామంటే సరే అన్నాడు. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూసుకుంటామంటే దానికీ సరే అన్నాడు. ఆ తర్వాత 'నెల జీతం' అని ఒక గడి వచ్చింది. ఆయన మిర్చి నెలది కొట్టాడు.

దాన్ని అబద్ధం అన్నవాళ్ళతో నేను ఇప్పటికీ కొట్లాటకు దిగుతాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. బస్తాకింత అని కూలి. మిర్చి వచ్చే రెండు మూడు నెలలు ఒళ్ళంతా మంట, చేతినిండా పైసలు. పత్తి రోజుల్లో ఫరవాలేదు. వానాకాలంలో మాత్రం యార్డులో కుక్కలు పడుకుంటాయి. 'నెలకు ఎంత వస్తది' అని ఎవరడిగినా హమాలీ ఇళ్ళల్లో మిర్చి నెలే చెప్తారు. మా పెళ్ళిచూపుల్లో మా నాన్నకూ అదే చెప్పారు. మా నాన్న కూడా హమాలీయే కాబట్టి మిగతా నెలల సంగతి అడగాల్సిన పని పడలేదు. నెలనెలా ఒకే జీతం వచ్చేవాళ్ళు తయారుచేసిన గడి అది. మాలాంటివాళ్ళు ఉన్నారని వాళ్ళకు తెలియకపోవడం మా తప్పా?

పది నిమిషాల్లో డబ్బు పడింది. బిడ్డ క్షేమంగా ఇంటికొచ్చింది, ఆ మాట నేను దాచను. కానీ నెల తిరిగేసరికి మొత్తం ఒకేసారి కట్టమన్నారు. కట్టలేనంటే ఇంకో లోను ఇచ్చి పాతదానికి జమ చేసుకున్నారు. అది తీరకముందే మరొకటి. దసరా నాటికి నాలుగయ్యాయి. ఇదంతా మా ఆయన కడుపులోనే పెట్టుకున్నాడు. జాకెట్లు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చే ఆమె ఒకరోజు ఫోన్ తెచ్చి చూపిస్తే గానీ నాకు తెలియలేదు. మా ఆయన ఫొటో, దాని కింద ఎర్ర అక్షరాలతో 'దొంగ' అని. ఆయన ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఆ యాప్ వాళ్ళే పంపారు.

ఆ ఫొటో ముఠా మేస్త్రికీ పోయింది. ముఠా అంటే కలిసి బస్తాలు మోసే పదిహేను మంది జట్టు. దానికి పెద్ద ఆ మేస్త్రి. మేస్త్రికి ఫోన్ చేసి కూడా 'మీ మనిషి దొంగ' అని చెప్పారట. మేస్త్రి చెడ్డవాడు కాదు. మా ఇంటికే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తమ్మీ, కొన్ని దినాలు ఇంటికాడ్నే ఉండు. షావుకార్లు అడుగుతాండ్లు. సరుకంత మనమీదనే ఇడిసిపెట్టి పోతరాయె. మిర్చి మొదలయ్యేలోపట ఈ పేరు పోవాలె. లేకుంటే నీ జాగల ఇంకొకలను పెట్టుకోక తప్పది నాకు."

మా ఆయన భుజం మీది తువ్వాల తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. ఇరవై ఏళ్ళు బస్తాలు మోసిన మనిషి. ఒక మిరపకాయ జేబులో వేసుకుని ఎరగడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ యాప్ వాళ్ళకు హన్మకొండలో ఒక ఆఫీసు ఉందని తెలిసి, బ్యాంకు పాసుబుక్కు సంచిలో వేసుకుని పోయాను. సెల్‌ఫోన్ షాపు మీద, ఏసీ గది. మేనేజరు నాకంటే చిన్నవాడు. ఇస్త్రీ చేసిన అంగీ, మెత్తటి మాట.

"మీ ఆయన అబద్ధం రాసిండమ్మా. అంత జీతం లేకుంటే అంతని ఎందుకు రాయాలె? మేం కేసు పెడితే మీకే కష్టం."

కేసు అనేసరికి భయమేసింది. భయమేస్తే నాకు నోరు ఇంకా లేస్తుంది.

"సారూ, బ్యాంకు మెసేజులన్నీ మీ యాపే చదివింది కదా. వానాకాలంల ఏం పడ్డదో అండ్ల కనబడలేదా?"

"అదంత సిస్టమ్ చూస్కుంటదమ్మా. జీతం చూసి, కట్టగలిగేటోళ్ళకే ఇస్తది."

"అట్లనా?"

అక్కడే, మేనేజరు ముందే, నా ఫోన్లో ఆ యాప్ ఎక్కించాను. నంబర్లకు పర్మిషన్ అడిగితే ఇచ్చేశాను. మా చుట్టాలందరి నంబర్లూ ఎట్లాగూ వాళ్ళ దగ్గర ఉన్నవే. 'నెల జీతం' గడి వచ్చింది. 'ఏ నెల?' అని రాయబోయాను. అక్షరాలు తీసుకోలేదు, అంకెలే కావాలంది. సున్నా కొట్టాను. చక్రం కాసేపు తిరిగింది. తర్వాత పచ్చ రంగులో వచ్చింది: 'అభినందనలు! మీరు అర్హులు.'

ఫోన్ ఆయన బల్ల మీద పెట్టాను.

"సున్న జీతంతోని నేను ఎట్ల కడతనో మీ సిస్టమ్‌ను అడిగి చెప్పుండ్రి."

"అది టెక్నికల్ ప్రాబ్లమమ్మా."

"మరి మా ఆయనది?"

ఫోన్ నా వైపుకు నెట్టాడు. నేను ఆ తెరను ఫొటో తీసుకుని కిందికి దిగాను. పదో తరగతి వరకే చదివాను కానీ ఫిర్యాదు నేనే రాశాను. కట్టలేడని తెలిసే ఇచ్చారు, కట్టలేకపోతే దొంగ అన్నారు, ఇదీ విషయం. కంపెనీకి పంపితే నెల రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఇట్లాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే పెద్ద ఆఫీసుకు పంపాను, సున్నా ఫొటోతో సహా. అప్పుడు కదిలారు. వడ్డీలు, చార్జీలు తీసేస్తామని, అసలులో మిగిలింది మిర్చి నెలల్లో కట్టుకోమని ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందని నన్నొక మెయిల్ పెట్టమన్నారు.

ఉత్తరం పట్టుకుని మేస్త్రి దగ్గరికి ఉరికాను. నాతో చదివించుకుని విన్నాడు. 'కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' దగ్గర ఆపమన్నాడు.

"అంత మంచిగనే ఉన్నది చెల్లె. దొంగ కాదని యాడ రాసిండ్లు?"

ఎక్కడా రాయలేదు. మళ్ళీ ఆ ఏసీ గదికి పోయాను. మేస్త్రికి ఫోన్ చేసి ఆ మాట చెప్తేనే మెయిల్ పెడతానన్నాను.

"అట్ల చెప్పే పద్ధతి మాకు లేదమ్మా."

"దొంగ అని చెప్పే పద్ధతి ఉన్నదా?"

మర్నాడు పదకొండింటికి చేస్తానన్నాడు.

పదకొండింటికి మా ఆయనను వెంటపెట్టుకుని యార్డుకు పోయాను. కొత్త మిర్చి అప్పుడప్పుడే వస్తోంది, గాలి పీల్చితే తుమ్ములు. ముఠా అంతా లారీ పక్కన నిలబడి ఉంది. మా ఆయన అందరికీ వెనక, కిందికి చూస్తూ. ఫోన్ మోగింది. మేస్త్రి స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ఆయన ఖాతా సెటిల్ అయింది."

"ఖాతా సంగతి నాకెందుకు సారూ? మా మనిషి దొంగనా, కాదా?"

 మేనేజరు గొణిగినట్టు, "కాదు."

"జర గట్టిగ చెప్పు సారూ. లారీ చప్పుడుకు ఇనబడ్తలేదు."

"ఆయన దొంగ కాదు."

"ఇంకొంచెం గట్టిగ."

మూడోసారి మేనేజరు అరిచినంత పని చేశాడు. పక్క ముఠా వాళ్ళు కూడా తిరిగి చూశారు. అప్పుడు తలెత్తాడు మా ఆయన. తువ్వాల తలకు చుట్టుకుని, ఎవరూ చెప్పకుండానే పోయి బస్తా కింద భుజం పెట్టాడు.

లారీ ఇంజన్ ఆపి అప్పటికి అరగంటయింది.