మూడు గంటల గుండెజబ్బు

ఆ రోజుల్లో మా జంషెడ్‌పూర్‌లో స్పీడు కొలిచే యంత్రాలేవీ లేవు. కూడలిలో నిలబడ్డ హవల్దారు కళ్ళే యంత్రం. ఆయనకి ఎక్కువ అనిపిస్తే ఎక్కువే, మనం కాదని వాదించి గెలిచింది లేదు. అందుకే మావాళ్ళు వాదనలు మానేసి రోగాలు మొదలుపెట్టారు. ఈ విద్యలో మా అక్క మొగుణ్ణి మించినవాడు లేడు. బారిడీహ్‌లో మా క్వార్టరుకి రెండు లైన్ల అవతల ఉండేవాడు. అందరూ 'మెరుపు బావ' అనేవారు, మనిషి చురుకుదనం చూసి కాదు, స్కూటర్ నడిపే తీరు చూసి. పట్టుబడ్డ ప్రతిసారీ ఇంట్లో ఎవరికో ఒకరికి ప్రాణం మీదికి తెచ్చేవాడు. వాళ్ళ నాన్నకి ఆయాసం అనేవాడు (ఆయన శ్రీకాకుళం దగ్గర గుండ్రాయిలా ఉండి రోజూ పొలానికి వెళ్ళేవాడు). ఎక్కువసార్లు మాత్రం మా అక్కకి పురిటినొప్పులు. అక్కకి ఉన్నది ఒక్కతే కూతురు గానీ, పోలీసుల లెక్కలో ఆ ఒక్క ఏడాదే నాలుగు కాన్పులు అయ్యుంటాయి. "ఒరే, కాయితాలడిగితే కంగారు పడిపోకు. జబ్బు సెప్పు. పోలీసోడికి మాత్రం పెళ్ళాం పిల్లల్లేరేటి?" అని నాకు పాఠం చెప్పేవాడు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. కార్ఖానాలో అప్రెంటిస్ ముగించి పర్మనెంటు కోసం కాచుకుని ఉన్నాను. నాన్న అదే కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసి ఆ యేడే రిటైరై దిగిపోతున్నారు. ఆయన దిగేలోగా నేను ఎక్కకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కంపెనీ ఊళ్ళలో ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. రాతపరీక్ష అయిపోయింది, ఇంటర్వ్యూ అయిపోయింది, ఇక మిగిలింది గురువారం నాటి మెడికల్ ఒక్కటే. దాని ఫారానికి అంటించాల్సిన ఫొటోలు సోమవారం మూడు గంటల్లోగా బిష్టుపూర్ ఆఫీసులో ఇవ్వాలి. సీతారామ్‌డేరాలో ఫొటో స్టూడియోవాడు 'కల్ ఆనా, కల్ ఆనా' అని రేపు రమ్మంటూనే వారం రోజులు తిప్పి, సరిగ్గా ఆ సోమవారం మధ్యాహ్నం రెండింటికి చేతిలో పెట్టాడు. బావని అడిగి తెచ్చుకున్న స్కూటర్ ఎక్కాను. "బ్రేకు కాస్త బద్దకం, సూసుకో" అన్నాడు గానీ, ఆ మాట అప్పటికే నా చెవిలోంచి జారిపోయింది.

రెండింటికి షిఫ్టు మారుతుంది. కార్ఖానా సైరన్, అదే భోంపు, మోగిందంటే చాలు, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి రోడ్డు నిండా సైకిళ్ళే. బుద్ధున్నవాడెవడూ ఆ వేళ ఆ దారిలో బండి పరిగెత్తించడు. నేను హారన్ మీద వేలు తియ్యకుండా సైకిళ్ళ మధ్యలోంచి వంకర్లు తిరుగుతూ దూసుకుపోయాను. ఒకరి టిఫిన్ క్యారియర్ నా మోకాలికి తగిలి గణగణలాడింది. వెనకనుంచి తిట్లు మూడు నాలుగు భాషల్లో వచ్చాయి. ఆ తర్వాత వచ్చింది విజిల్. (ఆ విజిల్ ఇప్పటికీ నాకు కలలో వినిపిస్తుంది, నమ్మండి.)

హవల్దారుది ఆరడుగుల విగ్రహం, మీసాలు చెవులదాకా. "కహాఁ ఉడ్ రహే హో?" ఎక్కడికి ఎగిరిపోతున్నావని అడుగుతూ జేబులోంచి చలాన్ పుస్తకం తీశాడు. నా దగ్గర ఉన్నది లెర్నర్ లైసెన్సు. కార్ఖానా కుర్రాడు పట్టుబడితే కాగితం ఒకటి డిపార్ట్‌మెంటుకి కూడా వెళుతుందని మాలో ఒక పుకారు. నిజమో కాదో ఎవడూ తేల్చుకోలేదు, భయపడటానికి పుకారు చాలదూ! బావ పాఠాలన్నీ గుర్తుకొచ్చాయి గానీ, పెళ్ళానికి పురిటినొప్పులు అందామంటే నాకు పెళ్ళే కాలేదాయె. చెయ్యి దానంతటదే వెళ్ళి గుండె మీద పడింది. "సీనే మే దర్ద్ హై సాబ్... అస్పతాల్ జా రహా హూఁ," అన్నాను, గుండెల్లో నొప్పి, ఆసుపత్రికి పోతున్నానని.

వెళ్ళు అంటాడనుకున్నాను. బావకి ఎప్పుడూ అలాగే అనేవారు. ఈయన అనలేదు. ఆయన ముఖమే పాలిపోయింది. పుస్తకం జేబులో కుక్కేసి, స్కూటర్‌ని పాన్ దుకాణం వాడికి అప్పగించి, అటుగా వస్తున్న పోలీసు జీపుని ఆపి, నన్ను చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి అందులో కూర్చోబెట్టాడు. దారివ్వమని రెండు చేతులూ చాచి షిఫ్టు సైకిళ్ళన్నిటినీ ఆపేశాడు. ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డ ఆ వందల మందిలో మా లైనువాళ్ళు కూడా ఉన్నారు. "అదిగో, మన నాయుడు గారి గుంటడు! ఏటైందిరా నీకు?" అని ఒకాయన అరిచాడు. కళ్ళు మూసుకున్నాను. హవల్దారు నా వీపు నిమురుతూ, "లంబీ సాఁస్ లో బేటా, లంబీ సాఁస్" అని, గట్టిగా ఊపిరి పీల్చుకోమని చెబుతూనే ఉన్నాడు.

జీపు పెద్దాసుపత్రి ముందు ఆగాక గానీ నేను చేసిన ఘనకార్యం నాకు అర్థం కాలేదు. ఆ ఆసుపత్రీ కార్ఖానాదే. జ్వరమొస్తే మాత్ర ఇచ్చేదీ అక్కడే, గురువారం నాకు 'ఫిట్' అని సంతకం పెట్టేదీ అక్కడే! ఒంగోలు వైపు నుంచి వచ్చిన సిస్టరమ్మ ఒకావిడ దుప్పటంత రిజిస్టర్ తెరిచి, పేరూ కంపెనీ టికెట్ నంబరూ రాసుకుని, "ఎక్కడ నొప్పి బాబూ?" అంది. "సిస్టరమ్మా, అది రాయకండి, గురువారం నాకు మెడికలుంది," అన్నాను. ఆవిడ కలం ఆపి జాలిగా చూసింది. "అయ్యో ప్రభువా! ఇక్కడ రాసింది అక్కడి డాక్టరు గారు చూస్తారయ్యా. అయినా ప్రాణం కంటే ఉద్యోగం ఎక్కువా?" అని 'ఛాతీ నొప్పి' అని చక్కగా రాసేసింది.

ఇక నా గుండె నా మాట వినలేదు. సిస్టరమ్మ నాడి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టి పరుగున వెళ్ళింది. లావు కళ్ళద్దాల బెంగాలీ డాక్టరు వచ్చాడు. ఛాతీ మీద చల్లటి జిగురు పూసి తీగలు తగిలించారు. ఆయన కాగితం మీద గీతలు చూసి పెదవి విరిచినప్పుడల్లా నా గుండె ఇంకా జోరందుకునేది, అది జోరందుకున్నప్పుడల్లా ఆయన ఇంకా పెదవి విరిచేవాడు. అబద్ధం చెప్పినవాడికి నిజంగానే జబ్బు వచ్చేలా ఉంది. కొంపదీసి వచ్చేసిందేమో కూడా! "రెండు రోజులు ఉంచుదాం," అన్నాడాయన. అబద్ధమని చెబుదామంటే బయట వరండాలో మీసాలు కూర్చుని ఉన్నాయి. చెప్పకపోతే గురువారం పోతుంది, దాంతోపాటు క్వార్టరు పోతుంది. మంచం మీద బిగుసుకుపోయి పడుకున్నాను.

సైకిళ్ళు వార్త మోసుకెళ్ళినట్టున్నాయి, గంటలో అందరూ దిగారు. "ఓలమ్మో, నా బాబు! పొద్దున్న సద్దన్నం తిని ఎల్లినోడివి కదరా! ఏటైపోనావురా!" అని అమ్మ గుమ్మంలోంచే మొదలెట్టింది. పైడితల్లికి మొక్కుకుంది, అది చాలదనుకుని మరో ఇద్దరు అమ్మవార్లకీ మొక్కుకుంది. వెనక అక్క, ఆ వెనక బావ. వరండాలో హవల్దారు బావని చూడగానే లేచి నిలబడి ఆప్యాయంగా, "అరే భాయ్! బీవీ కైసీ హై? లడ్కా హువా?" అని అడిగాడు. భార్య ఎలా ఉంది, మగపిల్లాడేనా అని! అక్క బావ వైపు తిరిగింది. "ఎవరికి పుట్టాడండీ మగపిల్లోడు?" బావ పొగాకు కొనుక్కొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు (బావకి పొగాకు అలవాటు లేదు).

ఆఖర్న నాన్న వచ్చారు. షిఫ్టు మధ్యలోంచే వచ్చేసినట్టున్నారు, కొలిమి దగ్గర వేసుకునే బూట్లు కూడా విప్పలేదు. ముప్ఫై ఏళ్ళు నిప్పు ముందు పనిచేసిన ఆ చేతులతో నా దుప్పటి మెడదాకా సర్దారు. "ఉజ్జోగం పోతే పోనీరా. ఇల్లు పోతే ఊరెల్లిపోదాం. నువ్వుంటే సాలు నాకు," అన్నారు. ఆయన నాతో అన్ని మాటలు వరసగా మాట్లాడటం అదే మొదటిసారి. నా వల్ల కాలేదు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే డాక్టరుని పిలిచి, ఫొటోలూ మూడు గంటలూ సైకిళ్ళూ అన్నీ, ఏడుపులో హిందీ మర్చిపోయి, తెలుగులోనే చెప్పేశాను. సిస్టరమ్మ తెలుగులోంచి హిందీలోకి మారుస్తూ మధ్యలో రెండుసార్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, "ముందు బయటికెళ్ళి ఆయనకి ఈ నిజం చెప్పు. తిరిగొచ్చాక నీ నాడి చూస్తాను," అన్నాడు హిందీలో.

మంచం నుంచి వరండాకి ఇరవై అడుగులుంటాయేమో. అంత దూరం నేను ఇంతవరకూ నడవలేదు. హవల్దారు టోపీ ఒళ్ళో పెట్టుకుని హనుమంతుణ్ణి తలుచుకుంటున్నాడు. డ్యూటీ ఎప్పుడో అయిపోయిందట. చేతులు కట్టుకుని చెప్పాను. చెంప పగులుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపటికీ పగల్లేదు. కళ్ళు తెరిస్తే ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకుంటున్నాడు. "ఠీక్ హై నా తూ? జిందా హై, బస్," అన్నాడు, బతికున్నావు, అది చాలని. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: కొన్నేళ్ళ కిందట ఒకాయన ఇలాగే గుండె పట్టుకుంటే, అందరూ చెప్పే అబద్ధమే కదా అని అరగంట ఎండలో నిలబెట్టాడట. ఆ మనిషి అక్కడే కూలిపోయాడట. "అప్పట్నుంచి చెప్పినవాణ్ణల్లా నమ్ముతున్నాను. పదిమంది నన్ను మోసం చేసినా ఫరవాలేదు," అన్నాడు. ఆ పైన చలాన్ పుస్తకం తీసి, మీసం దువ్వుకుని, నాకు రాయాల్సింది రాశాడు. అంత సంతోషంగా చలాన్ పుచ్చుకున్నవాడు ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

తిరిగి వెళితే నాడి కుదుటపడింది. డాక్టరు రిజిస్టర్‌లో ఛాతీ నొప్పి పక్కన 'భయం వల్ల, తగ్గింది' అని రాసి సంతకం పెట్టాడు. మూడు దాటిపోయినా, ఆసుపత్రిలో ఉండటం వల్ల ఆలస్యమైందని చీటీ రాసి, నా ఫొటోలు ఆయనే ఆఫీసుకి పంపించాడు. గురువారం మెడికల్‌కి వెళితే బల్ల వెనక అవే కళ్ళద్దాలు. పైకి లేపి చూసి, "ఆజ్ కైసే ఆయా?" అన్నాడు, ఇవాళ దేనిమీద వచ్చావని. "పైదల్, సాబ్," అన్నాను. నిజమే, బారిడీహ్ నుంచి నడిచే వెళ్ళాను. అప్పుడు నవ్వాడు మహానుభావుడు.

బావ సంగతి అడక్కండి, అక్క ఆయనకి నెల రోజులు సద్దన్నమే పెట్టింది. నేను మాత్రం నలభై ఏళ్ళు ఆ కార్ఖానాలో, ఆ రోడ్ల మీద, సైకిళ్ళకి దారిస్తూ బతికాను. మొన్న ఒక సాయంత్రం నిజంగానే ఛాతీలో పట్టేసింది. ఎదురింటి ఆటో అబ్బాయి ఆదరాబాదరాగా తీసుకెళుతుంటే అదే కూడలిలో విజిల్ వినిపించింది. ఆటో అబ్బాయి గుండెనొప్పి అని చెబితే, మీసాలు కూడా సరిగా రాని కానిస్టేబుల్ ఆటోలోకి తొంగిచూసి, "సచ్ మే?" అని అనుమానంగా అడిగాడు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది, దాంతో ఆ కానిస్టేబుల్ అనుమానం రెట్టింపయింది. "ఇస్ బార్ సచ్ హై, బేటా," అన్నాను, ఈసారి నిజమేరా అని. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత రోడ్డు మధ్యకి పరిగెత్తి, రెండు చేతులూ చాచి బళ్ళన్నిటినీ ఆపేశాడు.