ఖాసిం మామ తొడ కొలత

తడి చల్లిన గుడ్డ మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనగానే లేచే వాసన తగిలితే, ఇప్పటికీ నాకు ఖాసిం మామే గుర్తుకొస్తాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరులో ఆయనది దర్జీ అంగడి. నేనక్కడ కాజాలు కుట్టేవాణ్ణి. అప్పటికి ముప్పై ఏళ్లు దాటినా నాకు అక్షరం ముక్క రాదు. రాదన్న సిగ్గూ లేదు.

మామ కుడి తొడలో గడ్డ పుట్టింది. నొప్పి లేదు కదా అని ఏడాది దాచాడు. గుమ్మడి పిందె అంత అయ్యాక జమ్మలమడుగు ఆసుపత్రిలో కోసి తీశారు. అది కొవ్వులో పుట్టే క్యాన్సరని అక్కడి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "మొత్తం తీసేశాం. ఈ రకం నిదానంగా పెరుగుతుంది. చాలామంది చాలాకాలం బతుకుతారు. కానీ అదే చోట మళ్లీ రావచ్చు, కనిపెట్టి ఉండండి" అంది.

కనిపెట్టడానికి దర్జీ దగ్గర ఏముంటుంది, టేపే. ప్రతి శుక్రవారం నమాజు నుంచి రాగానే మామ లుంగీ ఎగ్గట్టి, కోసిన మచ్చ మీదుగా కొలుచుకుని అంకె చెప్పేవాడు. రాయడం నా పని.

"నాకు రాదు మామా."

"నా పానం నీ చేతిలో పెడతాంటే రాదంటావేందప్పా? నేర్చుకో!"

సుద్దముక్కతో నల్లగుడ్డ మీద దిద్దించాడు. ముందు అంకెలు, ఆ తరువాత అక్షరాలు. అంకెలొచ్చాక అంగడికొచ్చేవాళ్ల కొలతలూ నాచేతే తీయించాడు.

రెండేళ్లు కొలత మారలేదు. ఒక శుక్రవారం ఆయనకు నడుము పట్టేసి వంగలేకపోతే నేనే కొలిచాను. అంగుళం పెరిగింది. మళ్లీ కొలిచినా అంతే. చెప్పక తప్పలేదు. మామ సగం కుట్టిన పెండ్లి షర్వానీని నా వైపు తోసి, "ఇది నువ్వే కుట్టు. నేనుంటానో ల్యాదో" అన్నాడు.

మరునాడే బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. డాక్టరమ్మ ఒత్తి చూసింది, కొలిచింది. పాత కొలతే! "నువ్వెలా కొలిచావో చూపించు" అంది నాతో. టేపు చుట్టి, అలవాటు కొద్దీ లోపల రెండు వేళ్లు దూర్చాను. ప్యాంటు బిగుతు కాకుండా దర్జీలం పెట్టే వేళ్లు.

మామ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నీ పాసుగూల! నా తొడకు లూజు పెడతాండావా? పీనుగకు ప్యాంటు కుడతావా ఏంది?" డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది.

ఆ గడ్డ మళ్లీ రాలేదు. మామ ముసలివాడై, పండ్లన్నీ ఊడాక పోయాడు. అందరికీ అట్లాగే జరుగుతుందని నేను చెప్పను. పులివెందులలో మా వియ్యంకుడికి ఇట్లాంటి గడ్డే తిరిగొచ్చింది, మళ్లీ కోయించుకున్నాడు. ఎవరైనా గడ్డను దాచుకున్నారని తెలిస్తే మాత్రం ముందు నోరారా తిడతాను. తరువాత చెప్పులేసుకుని వాళ్ల వెంట బస్సెక్కుతాను.