కరగనని మొండికేసిన సంచి

మా అత్తమ్మ నేసిన జంపఖానా మీద మూడు తరాలు కూర్చుని లేచినా పోగు కదలదని వరంగల్‌లో మా గల్లీ అంతా చెప్పుకుంటుంది. ఆ గట్టి నేతే ఒకసారి మా అన్న కూతురి కొంప ముంచబోయింది.

బడి గడప తొక్కని నాకు మా నాన్న ఇంట్లోనే అక్షరాలూ, ఖురానూ నేర్పాడు. నా మేనకోడలేమో సముద్రాల చదువు చదివి, ఎక్కడో చలిదేశపు తీరాన ఉద్యోగం చేస్తోంది. ఇచ్చినవాడికి షుకర్. ఒకరోజు అది వీడియో కాల్‌లో నడిసముద్రంలో తిరుగుతున్న గాలిమరలు చూపించింది.

"నీళ్ళల్ల గంత పెద్ద ఫ్యాన్లెందుకే బిడ్డా? చేపలకు ఉక్కపోస్తాందా?" అంది అత్తమ్మ. మా పిల్ల ఆమెను దాదీ, అంటే నాయనమ్మ, అనే పిలుస్తుంది.

"కరెంటుకు దాదీ! వాటి నడుమకు వల ఈడ్చే పడవలు రావు. అందుకే ఆడ ఆల్చిప్పలను మళ్ళ పెంచుతానం."

ఒకప్పుడు అక్కడ దండిగా ఉన్న ఆల్చిప్పలను జనం తోడి తోడి తినేశారట. ఇప్పుడు పాత గుల్లలకు పిల్ల ఆల్చిప్పలను పట్టించి, నూలు సంచుల్లో నింపి అడుగుకు దించుతారు. పిల్లలు ఒకదానికొకటి అతుక్కునేదాకా సంచి కాపాడాలి, తర్వాత చివికి విడిపోవాలి. లేదంటే లోపలే ఊపిరాడక చస్తాయి. "మా ఇంట్ల మగ్గం ఉంది" అని మా పిల్ల తన పెద్దసారుకు గొప్పగా మాటిచ్చేసింది. వదులుగా నేసి పంపమంది.

అత్తమ్మ నేసింది, పార్సిల్ వెళ్ళింది. కొన్ని నెలలకు మళ్ళీ కాల్. తెర మీద నీళ్ళు కారుతున్న సంచి. పాచి పట్టిందే గాని ఒక్క పోగు తెగలేదు. లోపలి పిల్లలన్నీ చచ్చాయి.

అత్తమ్మ చప్పట్లు కొట్టింది. "చూసినవా! సముద్రం గూడ నా నేతను ఏం జెయ్యలేకపాయె!"

మేనకోడలు తల పట్టుకుంది. "గదే లొల్లి దాదీ! ఇంకొక్కసారి చూస్తరట. గప్పుడు గూడ విడువకపోతే ప్లాస్టిక్ వలలే దించుతరు, నా మాట పోతది. ఫుప్పూ, నువ్వన్న జర సమజ్ చెయ్యి."

ఫుప్పును, అంటే మేనత్తను, నేనే. సమజ్ చేయబోయాను.

"వదులు నేత దగా బిడ్డా," అంది అత్తమ్మ. "గసొంటిదానికి బిస్మిల్లా అని పోగెట్ల ఎయ్యాలె?"

"అడిగినోళ్ళకు అడిగినట్టిస్తే దగా ఎట్లయితది అత్తమ్మా? వదులుగ అడిగితే గట్టిగ పంపినవు, గది దగా కాదా?"

అత్తమ్మ పేకను దిగ్గొట్టే తన ఇనుప పంజాను నగ ఇచ్చినట్టు నా చేతిలో పెట్టింది. "ఎదురుంగుంటే చెయ్యి ఆగది. పట్కపో."

అసర్ నమాజు చదివి వచ్చి చూద్దును గదా, వేళ్ళతోనే పేకను నొక్కుతోంది.

"అత్తమ్మా!"

"నేనేం జేస్తలేను. ఈగ వాలింది, కొట్టిన."

ఆ సాయంత్రమంతా మగ్గం మీద ఈగలు వాలుతూనే ఉన్నాయి. మర్నాటి నుంచి పక్కనే కూర్చుని, కబుర్లు చెబుతూ నేయించాను. అయినదాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అందులోంచి ఎదురింటి గోడ కనిపించింది. అత్తమ్మ ముఖం తిప్పుకుంది.

ఆ సంచులు వెళ్ళాక ప్రతి నమాజులోనూ దువా చేశాను. ఆల్చిప్పల కోసం చేతులు చాచిన మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను. పైవాడు నవ్వుకుని ఉంటాడు. అయినా విన్నాడు.

ఈసారి తెర మీద పీలికలు. వాటి నడుమ గుత్తిగా అతుక్కున్న గుల్లలు, వాటి మీద గోరంత ఆల్చిప్పలు, ప్రాణాలతో.

"దాదీ, మన సంచులే కావాలన్నరు!" మా పిల్ల నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఈడ బోర్డు మీద నీ పేరు రాయిస్త."

అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "జర మాఫ్ చెయ్యి బిడ్డా, రాయకు! గీ పీలికల నేత నాదని తెలిస్తే గల్లీల నా మొకం ఎవలు చూస్తరు?"

అని, ఆ పీలికలను ఇంకాస్త దగ్గరగా చూపించమంది.