అద్దానికి అంటుకున్న రజిత ఫొటో

నిరుడు వానకాలం, మహబూబాబాద్‌లో మా అద్దె ఇంటి వరండా. పాత ఫ్రేములోంచి తీసిన అద్దాన్ని బోర్లా పెట్టి, దానికి అంటుకున్న ఫొటో మూలను సన్నటి బ్లేడుతో లేపుతున్నాను. చర్రుమని చిన్న చప్పుడైంది. కాగితం కాస్త పైకి వచ్చింది గానీ దాని రంగు రాలేదు, ముక్కలుగా అద్దం మీదే ఉండిపోయింది.

ఫొటోలో ఉన్నది రెండు జడల పదకొండేళ్ల పిల్ల. వాళ్లమ్మ కొమురక్క నా ఎదురుగానే కూర్చుని చాయ్ తాగుతోంది. పొద్దున్నే బయ్యారం నుంచి బస్సులో వచ్చింది. "ఫ్రేముకు చెదలు వట్టింది. కట్టె మారిస్తే సాలు బిడ్డా" అంది. అద్దం మార్చమని ఆమె అడగలేదు. అది నాకు పుట్టిన ఆలోచన.

నా పని గురించి కొంచెం చెప్పాలి. నా భర్త భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఇద్దరు చిన్నపిల్లలతో బయటి ఉద్యోగం కుదరక, డిగ్రీ చదివి కూడా ఇంట్లోనే ఫ్రేములు కడుతున్నాను. జనగామలో మా పుట్టింటి పక్క ఫ్రేముల షాపు చాచా నేర్పిన విద్య ఇది. తక్కువ ఖర్చులో చేస్తాను. వడ్రంగి దగ్గర మిగిలిన బీడింగ్, అంటే ఫ్రేముకు వాడే సన్న చెక్క పట్టీలు తెచ్చుకుంటాను. పాత కిటికీ అద్దాలు కోయించుకుంటాను. పొదుపు పనికిరానిది ఒక్క మౌంట్ దగ్గరే. మౌంట్ అంటే ఫొటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట. అందరూ అందం కోసమే అనుకుంటారు కానీ, ఫొటోను అద్దానికి తగలకుండా ఉంచేది అదే.

ఈ ఫొటోకు మౌంట్ లేదు. కొమురక్క ప్రతి శుక్రవారం తడిగుడ్డతో అద్దం తుడిచి, కుంకుమ తడిపి బిడ్డ నుదుటికి బొట్టు పెట్టేది. అద్దం మీది నీళ్లు కింది అంచు నుంచి లోపలికి పోయాయి. అలా పన్నెండేళ్ల శుక్రవారాలు. ఫొటో అద్దానికి అతుక్కుపోయింది.

"ఏమైంది బిడ్డా, గట్లాగినవ్?"

"ఏంలేదక్కా, ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్లి చాచాకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఎంత లేపినవ్?" అన్నాడు.

"గోరంత."

"అద్దం పలిగిందా?"

"లేదు చాచా."

"మరెందుకు తీస్తున్నవ్?"

"కొత్త అద్దం, మౌంట్ పెడితే మంచిగుంటదని..."

"ఎవరికి మంచిగుంటది?" అన్నాడు. "బ్లేడు కింద వెట్టు. గుంజితే మొఖమంతా ఊడొస్తది. ముందుగాల ఫోన్ల ఫొటో తీస్కో. అద్దంతోనే ఫ్రేం కట్టు."

"చినిగిన కాడ ఏం చెయ్యాలె?"

"చేసేదేముంది? ఆమెకు చెప్పు."

బయటికి వచ్చి అద్దాన్ని తిప్పి చూశాను. ముఖం బాగానే ఉంది. ఎడమ జడ చివర ఎర్ర రిబ్బన్ ఉన్న చోట మాత్రం తెల్లగా అయింది. అద్దం పైనుంచి ఒక మౌంట్ పెట్టి, దాని కిటికీని కొంచెం చిన్నగా కోస్తే ఆ మచ్చ కనిపించదు. స్కేలు పెట్టి కొలిచాను కూడా. కానీ ప్రతి శుక్రవారం ఆ అద్దాన్ని తుడిచిన తల్లి కళ్లకు ఆ రిబ్బన్ లేదని తెలియకుండా పోతుందా?

"అక్కా, నా చేతుల తప్పయింది. జర చినిగింది."

కొమురక్క గ్లాసు కింద పెట్టింది. అద్దాన్ని రెండు చేతులతో తీసుకుని వెలుతురులోకి వెళ్లింది. రిబ్బన్ పోయిన చోట వేలు పెట్టి చూసింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"బడిల ఫొటో తీస్తరంటే గీ రిబ్బన్లు నేనే గట్టిన" అంది చివరికి. "ఒకటి పొడుగైంది, ఒకటి పొట్టిగైందని బడి దాక లొల్లి వెట్టింది. నీ చేతుల పోయింది పొట్టిదే. ఇగ లొల్లి వెట్టది, పో."

నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"ఇంకో ఫొటో లేదా అక్కా?"

"గిదొక్కటే. ఆ ఎండకాలమే జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయినం, తీస్కరాలే."

చినిగిన చోటు మౌంట్‌తో కనపడకుండా చేస్తానన్నాను.

"వద్దు. పోయింది పోయింది. దాన్ని మూసేదానికి ఉన్న జడ గూడ ఎందుకు మూస్తవ్?"

అంచులకు నీళ్లు పోకుండా టేపు వేస్తానని, ఇకమీద తడిగుడ్డ పెట్టొద్దని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆడపిల్లను బొట్టు లేకుంట ఎట్లుంచుతరు?" అంది. స్టిక్కర్ బొట్టు పెట్టమన్నాను, దానికి నీళ్లు అక్కర్లేదు. ఆమె ముఖం విచ్చుకుంది. "బడికి గవే పెట్టుకుంటనని ఏడ్చేది. నేనే కొనియ్యకపోతుంటి."

కట్టె మూలల జిగురు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. రేపు రమ్మన్నాను.

"అంటే గీ రాత్రి గీడనేనా?" గోడకు ఆనించిన అద్దం వైపు చూసింది. "పోయిన కాడి నుంచి ఒక్క రాత్రి గూడ ఇల్లు దాటలే అది." గేటు దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. "లైటు మొత్తం బంద్ చెయ్యకు బిడ్డా. చీకటంటే దానికి భయం."

ఆ తర్వాత ఎన్నో ఫ్రేములు కట్టాను. ఇప్పుడు ఏ పాత ఫొటో వచ్చినా ముందు ఫోన్‌లో ఫొటో తీస్తాను. అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తాను. తడిసినట్టు మెరిసే మచ్చ ఉంటే అక్కడ అంటుకుందని అర్థం, బ్లేడు ముట్టుకోను. అడిగినదానికంటే ఎక్కువ చేయాలనిపిస్తే ముందు వాళ్లనే అడుగుతాను. నాకు బాగుందనిపించేది వాళ్లకు అక్కర్లేనిది కావచ్చు. అది ఆ రోజు దాకా నాకు తోచలేదు.

ఆ రాత్రి వరండా లైటు ఆర్పలేదు. పొద్దున పిల్లలు లేచి, ఫ్రేము ముందు నిలబడి ఎవరమ్మా అని అడిగారు.

"రజితక్క" అన్నాను. "రాత్రి మనింట్ల పండుకుంది. ఇయ్యాల వాళ్లమ్మొచ్చి తీస్కపోతది. పోయేటప్పుడు టాటా చెప్పుండ్రి."